తప్పు బండిదా, నడిపేవాడిదా?

బెజవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్సులు విప్పడం నా పని. ఆటోమేటిక్ బండి ఒకే జబ్బుతో మూడోసారి రిపేరుకొస్తే, ఓనరు బండి సంగతి ఎత్తకముందే "నేను సరిగ్గానే నడుపుతానండీ" అంటాడు. అప్పటికే ఎవరో ఆయన్ని ముద్దాయిని చేసి పంపారన్నమాట. ఈ నింద మన ఊళ్లో పుట్టింది కాదు.

క్లచ్ పెడల్ అక్కర్లేకుండా గేర్లు వాటంతటవే మారే హైడ్రామాటిక్‌ను జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలో ఇచ్చింది. కాలికి పని తప్పింది గానీ, ఆ పనంతా పెట్టె లోపలికి పోయి ఆయిల్ ప్రెషరు, వాల్వులు, బ్యాండ్లు, క్లచ్ ప్లేట్ల మీద పడింది. మామూలు గేరు పడకపోతే చేతికి తెలుస్తుంది. ఇక్కడ ఓనరుకి తెలిసేది కుదుపొక్కటే. లోపలిది కనబడదు కాబట్టి ఎవరేం చెప్పినా వినాల్సిందే.

1973 చమురు సంక్షోభం తర్వాత కార్ల బరువు తగ్గించే తొందరలో అదే కంపెనీ 1976 మోడల్‌కి టర్బో హైడ్రామాటిక్ 200 అనే తేలికపాటి పెట్టె తెచ్చింది. పెద్ద కార్లకీ దాన్నే బిగించింది. ఫిర్యాదులు పెరిగి, 1980లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. లోపాల సంగతి కొనేవాళ్లకు చెప్పలేదన్నది అభియోగం. 1983లో రాజీ కుదిరి, ఓనర్ల తగాదాలు మధ్యవర్తుల దగ్గర తేలే ఏర్పాటు జరిగింది.

ఈలోగా 1982లో కనెటికట్ రాష్ట్రం అమెరికాలో మొదటి 'లెమన్ లా' చేసింది. వారంటీలో ఉన్న కొత్త బండికి ఒకే లోపం నాలుగుసార్లు బాగుచేసినా పోకపోయినా, రిపేర్లతో 30 రోజులు షెడ్డులో పడి ఉన్నా, కంపెనీ బండి మార్చాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. ఎన్నిసార్లు తెచ్చారు, ఎన్నాళ్లు షెడ్డులో ఉంది అన్నదే ముఖ్యమైన లెక్క.

ఆ లెక్క విలువ ఫోర్డ్ కంపెనీ పవర్‌షిఫ్ట్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు మళ్లీ చూపించింది. అందులో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి. ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు కారి ఆయిల్ వాటి మీద పడితే బండి వణుకుతుంది. ఆస్ట్రేలియాలో ఫిర్యాదు చేసినవాళ్లలో కొందరికి, అది మీరు నడిపే తీరు వల్లేనని చెప్పి పంపారు. 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫిర్యాదుదారులతో కంపెనీ వ్యవహరించిన తీరుకు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

మన దేశంలో 2014లో సెలేరియో కారు వచ్చాక ఆటోమేటిక్ మధ్యతరగతి ఇంటికీ చేరింది. దానిలోది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని, గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. గేరు మారినప్పుడు తల కాస్త ఊగడం దాని స్వభావం. ట్రాఫిక్‌లో వేడెక్కాక వణకడం, ఉన్నట్టుండి న్యూట్రల్‌లో పడిపోవడం మాత్రం రోగం. నడిపేవాళ్ల తప్పు అసలుండదనీ అనను. ఫ్లైఓవర్ ఎక్కుడు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ఏ పొడి క్లచ్ అయినా కాలుతుంది. అయితే ఆ సంగతి పెట్టె విప్పి, ప్లేటు చూసి చెప్పాలి. కౌంటరు దగ్గర కూర్చుని చెప్పేది కాదు.

మనకు లెమన్ లా లేదు. 2020 జూలైలో అమల్లోకొచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. లోపం రుజువైతే బండి మార్చమనీ, డబ్బు తిరిగివ్వమనీ వినియోగదారుల కమిషన్ ఆదేశించగలదు. సరుకును ల్యాబ్ పరీక్షకు పంపించగలదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

అందుకే బండి ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. 'జనరల్ చెకప్' అని రాస్తే ఒప్పుకోకండి. తేదీ, కిలోమీటర్లు చూసుకుని కాపీ ఇంటికి తెచ్చుకోండి. రేపు మీ తరఫున మాట్లాడేది ఆ కాగితాలే.