ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2

ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 అనునది అమెరికాకు చెందిన నాటీ డాగ్ సంస్థ రూపొందించగా, సోనీ సంస్థ 2020 జూన్ 19న ప్లేస్టేషన్ 4 కొరకు విడుదల చేసిన వీడియో గేము. ఇది 2013లో వెలువడిన ది లాస్ట్ ఆఫ్ అస్ అను గేముకు కొనసాగింపు. నీల్ డ్రక్‌మన్ దీనికి ముఖ్య దర్శకుడు. కథను ఆయన, హ్యాలీ గ్రాస్ కలిసి రచించారు. విమర్శకులు దీనిని విశేషంగా ప్రశంసించినప్పటికీ, ఆటగాళ్ళు మాత్రం రెండు వర్గాలుగా చీలిపోయారు. మొదటి భాగపు కథానాయకుడు ఆరంభంలోనే హత్యకు గురి కావడం, అతనిని చంపిన పాత్రతోనే ఆటగాడు సగం గేమును ఆడవలసి రావడం ఈ వివాదానికి ముఖ్య కారణాలు.

నేపథ్యం

మొదటి భాగంలో కార్డిసెప్స్ అను శిలీంధ్రం సోకి మానవ సమాజం కుప్పకూలుతుంది. ఈ వ్యాధి సోకినా లొంగని పద్నాలుగేళ్ళ బాలిక ఎల్లీ. కూతురిని పోగొట్టుకొన్న జోయెల్ అను నడివయస్కుడు ఆమెను దేశమంతా దాటించి, ఫైర్‌ఫ్లైస్ అను తిరుగుబాటుదారుల వైద్యశాలకు చేరుస్తాడు. ఆమె మెదడుకు శస్త్రచికిత్స చేస్తేనే మందు తయారగునని, అందులో ఆమె ప్రాణం పోవునని తెలిసి, జోయెల్ అక్కడి వైద్యుని చంపి ఆమెను ఎత్తుకొనిపోతాడు. తరువాత ఆమెకు అబద్ధం చెబుతాడు. జోయెల్ చేసినది తప్పా, ఒప్పా అన్న ప్రశ్న ఆటగాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి చర్చకు వచ్చినది. రెండవ భాగం ఆ ప్రశ్నపైననే నిర్మించబడినది.

కథ

హెచ్చరిక: ఈ దిగువ భాగంలో కథ ముగింపుతో సహా చెప్పబడినది.

ఎల్లీకి 19 ఏళ్ళు వచ్చునాటికి ఆమె, జోయెల్ వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ పట్టణంలో నివసిస్తుంటారు. ఒకనాడు జోయెల్, అతని తమ్ముడు టామీ కలిసి ఆబీ అను యువతిని ప్రమాదం నుండి కాపాడుతారు. ఆబీ మాత్రం ఎల్లీ కళ్ళ ఎదుటనే జోయెల్‌ను గోల్ఫ్ కర్రతో కొట్టి చంపుతుంది. పగ తీర్చుకొనుటకు ఎల్లీ తన ప్రియురాలు డీనాతో సియాటిల్ నగరానికి బయలుదేరి, మూడు రోజుల పాటు ఆబీ మిత్రులను ఒక్కొక్కరినే వేటాడుతుంది.

ఇద్దరూ ముఖాముఖి అయిన క్షణంలో కథ హఠాత్తుగా వెనుకకు మళ్ళుతుంది. ఆ మూడు రోజులనే ఆటగాడు ఈసారి ఆబీగా ఆడాలి. వైద్యశాలలో జోయెల్ చంపిన వైద్యుని కూతురే ఆబీ అని ఇక్కడ తెలుస్తుంది. తన శత్రువర్గానికి చెందిన లెవ్, యారా అను తమ్ముడు, అక్కలను కాపాడుతూ ఆబీ క్రమంగా మారుతుంది. చివరకు ఎల్లీ సాంటా బార్బరా వరకు వెంటాడి కూడా ఆబీని చంపక వదలివేస్తుంది. ఆ పోరాటంలో రెండు వేళ్ళు పోగొట్టుకొన్న ఎల్లీ, జోయెల్ నేర్పిన గిటారును ఇక సరిగా వాయించలేకపోతుంది. జోయెల్ మరణానికి ముందునాటి రాత్రే అతనిని క్షమించుటకు ప్రయత్నిస్తానని ఆమె చెప్పినట్లు చివరి దృశ్యాలలో తెలుస్తుంది.

కథనంలోని సాహసం

సాధారణంగా వీడియో గేములలో ఆటగాని చేతిలోని పాత్రయే కథానాయకుడు, ఎదురుపడినవారు పేరులేని శత్రువులు. ఈ గేములో శత్రువులకు పేర్లు ఉంటాయి. ఒకరు చనిపోతే తోటివారు ఆ పేరు పెట్టి ఆక్రోశిస్తారు. ఎల్లీగా ఆడునప్పుడు చంపవలసి వచ్చిన ఆలిస్ అను కుక్కతో ఆబీ ఆడుకొన్న దృశ్యం తరువాత వస్తుంది. చలనచిత్రంలో ప్రేక్షకుడు చూస్తాడు, గేములో ఆటగాడు స్వయంగా చేస్తాడు. నోరా అను పాత్రను ఎల్లీ హింసించు ఘట్టంలో ఆటగాడు మీట నొక్కితే తప్ప కథ ముందుకు సాగదు. ఆటగానిలో మొదట ద్వేషం కలిగించి, ఆ ద్వేషాన్ని అతడే ప్రశ్నించుకొనునట్లు చేయుట ఈ కథన పద్ధతి ఉద్దేశ్యం.

విడుదలకు ముందు వివాదం

గేము విడుదల పలుమార్లు వాయిదా పడినది. 2020 ఏప్రిల్ చివరలో కథలోని ముఖ్య ఘట్టాల దృశ్యాలు ముందుగానే బయటపడినవి. జోయెల్ మరణం సంగతి తెలిసిన అనేకులు గేము ఆడకముందే ఒక నిర్ణయానికి వచ్చారు. 2019నాటి ప్రచార చిత్రంలో ఎల్లీకి తోడుగా జోయెల్ వచ్చినట్లు చూపిన ఘట్టంలో, అసలు గేములో జెస్సీ అను మరొక పాత్ర కనబడుతుంది. రహస్యం కాపాడుటకు చేసిన ఈ మార్పును కొందరు మోసంగా భావించారు.

ఆటగాళ్ళ స్పందన

మెటాక్రిటిక్‌లో విమర్శకుల సగటు 100కు 93గా నమోదైనది. అదే చోట సాధారణ వినియోగదారుల సగటు మొదటి రోజులలో చాలా తక్కువగా ఉండినది. గేమును పూర్తి చేయుటకు ఇరవై గంటలకు పైగా పట్టును. అయినా విడుదలైన కొన్ని గంటలలోనే వేలాది మంది అతి తక్కువ మార్కులు వేశారు. దీని తరువాత 2020 జూలైలో మెటాక్రిటిక్, కొత్త గేములకు వినియోగదారులు మార్కులు వేయుటకు 36 గంటల వ్యవధి విధించినది.

ఆడి చూసి అసంతృప్తి చెందినవారి అభ్యంతరాలు వేరు. అవి ముఖ్యంగా ఇవి:

* జాగ్రత్తపరుడైన జోయెల్ అపరిచితులకు తన పేరు చెప్పి చిక్కుకొనుట అతని స్వభావానికి తగినట్లు లేదు.
* కథ పతాకస్థాయికి చేరిన చోట ఆగి, మూడు రోజులు వెనుకకు పోవుట వలన ఉత్కంఠ సడలినది.
* హింస చేయక తప్పని స్థితిలో ఆటగానిని నిలిపి, ఆ హింసకు అతనినే తప్పుపట్టుట న్యాయం కాదు.
* అంతమందిని చంపిన ఎల్లీ చివరకు ఆబీని వదలుట పగను అర్థరహితం చేసినది.

మెచ్చుకొన్నవారు ఇవే అంశాలకు భిన్నమైన అర్థం చెప్పారు. జాక్సన్‌లో ఏళ్ళ తరబడి ప్రశాంతంగా బ్రతికిన జోయెల్ మెత్తబడుట సహజమేనని, ఆబీని అసహ్యించుకొంటూ ఆడ మొదలుపెట్టినవారు ఆమె క్షేమం కోరు స్థితికి చేరుటయే ఈ గేము విజయమని వాదించారు. ఎల్లీ, డీనాల ప్రేమను, పురుషునిగా జీవించగోరి తన సమాజం నుండి వెలి అయిన లెవ్ పాత్రను ద్వేషించి గేమును తిరస్కరించినవారు కూడా ఉన్నారు. కథన నిర్మాణంపై వచ్చిన విమర్శలు దీనికి భిన్నమైనవి, కాని ఆనాటి వాగ్వాదంలో ఈ రెండూ తరచుగా కలగలసిపోయినవి.

నటిపై బెదిరింపులు

ఆబీ పాత్రకు స్వరాన్ని, అభినయాన్ని అందించిన లారా బెయిలీకి హత్యా బెదిరింపులు వచ్చినవి. 2020 జూలైలో ఆమె వాటిలో కొన్నిటిని బహిరంగపరచినది. నాటీ డాగ్ సంస్థ వీటిని ఖండించినది. కల్పిత పాత్రపై పెంచుకొన్న కోపాన్ని పాత్రధారిపై చూపుట ఈ వివాదంలో అత్యంత విచారకరమైన ఘట్టం. ద్వేషం ఎట్లు వ్యాపించునో చెప్పిన కథకు ఇటువంటి స్పందన రావడాన్ని అనేకులు గుర్తుచేశారు.

అమ్మకాలు, పురస్కారాలు

వివాదం అమ్మకాలను ఆపలేదు. మొదటి మూడు రోజులలోనే 40 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైనవి. 2020 డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్ ఉత్సవంలో ఉత్తమ గేముతో సహా ఏడు పురస్కారాలు లభించినవి. వాటిలో ఉత్తమ నటన పురస్కారం లారా బెయిలీకి దక్కినది. దృష్టి, వినికిడి లోపాలు గలవారు సైతం ఆడుటకు వీలుగా కల్పించిన సౌకర్యాలకు కూడా ఒక పురస్కారం వచ్చినది. 2021లో బాఫ్టా పురస్కారాలలో న్యాయనిర్ణేతలు ఎంపిక చేసిన ఉత్తమ గేము బహుమతి హేడీస్‌కు లభించగా, ప్రజల ఓటుతో ఇచ్చు బహుమతి మాత్రం ఈ గేముకే దక్కినది. విమర్శకులు మాత్రమే దీనిని మెచ్చారనుట సరికాదని ఇందువలన తెలియుచున్నది.

తరువాతి పరిణామాలు

ప్లేస్టేషన్ 5 కొరకు మెరుగుపరచిన ప్రతి 2024 జనవరి 19న, కంప్యూటర్ల కొరకు 2025 ఏప్రిల్ 3న విడుదలైనవి. హెచ్‌బీఓ ధారావాహిక రెండవ భాగం ఇదే కథ ఆధారంగా 2025 ఏప్రిల్ 13న ప్రారంభమైనది. గేములో చాలాసేపు దాచి ఉంచిన ఆబీ పగకు కారణాన్ని ధారావాహికలో ఆరంభంలోనే తెలిపారు. 2025 జూలైలో, సంఘటనలు జరిగిన కాలక్రమంలోనే కథను ఆడుటకు వీలు కల్పించు మార్పును గేముకు ఉచితంగా జోడించారు. దీనితో, ఆటగాళ్ళను ఇంతగా విభజించిన సంఘటనల క్రమాన్ని మార్చి ఆడి, కథపై తమ అభిప్రాయం మారునో లేదో ఎవరికి వారు తేల్చుకొను అవకాశం కలిగినది.