డ్రాప్చీ భిక్షుణులు – ప్రపంచ దేశాల స్పందన

టిబెట్ రాజధాని లాసాలోని డ్రాప్చీ కారాగారంలో 1993లో 14 మంది బౌద్ధ భిక్షుణులు రహస్యంగా తెప్పించుకున్న టేప్ రికార్డరులో పాటలు పాడి బయటికి పంపారు. మాతృభూమిని, దలైలామాను తలచుకున్న పాటలవి. అందుకు వారి శిక్షలను ఐదు నుంచి తొమ్మిదేళ్ల వరకు పెంచారు. వారిలో ఒకరైన న్గవాంగ్ సాంగ్‌డ్రోల్ శిక్ష, పలు పొడిగింపులతో 20 ఏళ్లు దాటింది.

టేపు విదేశాలకు చేరాక ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వంటి సంస్థలు వారి విడుదలకు ఉద్యమించాయి. 33 ఏళ్లు నిర్బంధంలో గడిపి ధర్మశాల చేరిన భిక్షువు పల్దెన్ గ్యాత్సో, 1995లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ ఎదుట తాను అనుభవించిన చిత్రహింసలను వివరించారు. చైనాపై తీర్మానం ఆ ఏడాది ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. మిగిలిన సంవత్సరాలలో అది అసలు ఓటింగు దాకా రాకుండానే చైనా అడ్డుకోగలిగింది. చిత్రహింసల ఆరోపణలను తోసిపుచ్చే బీజింగ్, టిబెట్ తన అంతరంగిక విషయమంటుంది.

కమిషన్‌లో సాధ్యం కానిది ద్వైపాక్షిక ఒత్తిడితో కొంత సాధ్యమైంది. చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ అమెరికా పర్యటనకు కొద్ది రోజుల ముందు, 2002 అక్టోబరులో సాంగ్‌డ్రోల్ విడుదలయ్యారు. మరో భిక్షుణి ఫుంత్సోగ్ న్యిద్రోన్ 2004 ఫిబ్రవరిలో, జెనీవా సమావేశాలకు ముందు బయటికి వచ్చారు. ఈ తేదీలు యాదృచ్ఛికమని నమ్మడం కష్టం.

అందరికీ ఆ అవకాశం దక్కలేదు. 2002లో అరెస్టయిన మతగురువు తెన్‌జిన్ దెలెక్ రింపోచే విడుదలకు అమెరికా, ఐరోపా సమాఖ్య పదేపదే కోరినా, ఆయన 2015 జులైలో జైలులోనే మరణించారు. భౌతికకాయాన్ని సైతం కుటుంబానికి అప్పగించకుండా అధికారులే దహనం చేశారు.