వంటింటి పొరకు ఒట్టావా చిరునామా

టొరాంటో శివార్లలో ఇల్లు కొనుక్కునే తెలుగువారిలో చాలామంది గృహప్రవేశమైన కొద్దిరోజులకే వంటింటి సింకు కింద ఆర్‌.ఓ. యంత్రం బిగించుకుంటారు. ఊళ్ళో అలవాటైన వస్తువు కనుక ఇక్కడా ఉండితీరాలనుకుంటారు. ఆ యంత్రానికి ప్రాణమైన పొరను మొదటిసారి పనికివచ్చే రూపంలో తయారుచేసిన ఇద్దరిలో ఒకరు భారతదేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్. ఆయన పరిశోధనలో అధికభాగం జరిగింది కెనడా రాజధాని ఒట్టావాలో. రసాయన ఇంజనీరింగు పుస్తకాల్లో లోబ్-సౌరిరాజన్ పొర అన్న మాట తప్పక కనిపిస్తుంది. ఆ నీళ్ళు తాగేవారిలో ఆ పేరు విన్నవారు మాత్రం అరుదు.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ద్రవాభిసరణం అనగానే నీళ్ళలో ఉబ్బే కిస్‌మిస్ పండు గుర్తొస్తుంది. అంతకన్నా మంచి ఉదాహరణ మాగాయ. తరిగిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచితే మర్నాటికి ఊట దిగుతుంది. ఆ ఊటలోని నీరు ఎవరూ పోసింది కాదు, ముక్కల కణాల్లోంచి వచ్చినదే. నీటిని పోనిచ్చి ఉప్పును ఆపే పొర అడ్డుగా ఉన్నప్పుడు, నీరు పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు వెళుతుంది. 1748లో ఫ్రెంచి మతాచార్యుడు నోలే మద్యసారమున్న పాత్ర మూతికి పంది మూత్రాశయపు తోలు బిగించి నీళ్ళలో ముంచినప్పుడు ఆ తోలు ఉబ్బి పైకి లేచింది. ఈ ప్రవాహాన్ని ఆపడానికి ఎంత ఒత్తిడి కావాలో లెక్కగట్టే సూత్రాన్ని 1880లలో వాంట్ హాఫ్ ఇచ్చాడు. రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో ఆయనకే దక్కింది.

ఆ ఒత్తిడిని మించి ఉప్పునీటి వైపు నుంచి నొక్కితే నీరు వెనక్కు నడుస్తుంది. దీన్నే విలోమ ద్రవాభిసరణం అంటున్నాం. సముద్రపు నీటికి దాటవలసిన ఒత్తిడి సుమారు 27 బార్లు. లీటరుకు రెండు గ్రాముల లవణాలున్న చవుడు నీటికి ఒకటిన్నర బార్ల దరిదాపు. ఇంటి కుళాయి నీటికి ఒక బారులో చిన్న భాగం చాలు. లెక్క ఇంత సులువైనా, ఆ ఒత్తిడిని తట్టుకుంటూ ఉప్పును ఆపి నీటిని మాత్రం ధారాళంగా వదిలే పొర ఏదన్నది రెండు శతాబ్దాలపాటు తేలలేదు.

1950లలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రీడ్, ఆయన విద్యార్థి బ్రెటన్ అనేక పదార్థాలను పరీక్షించి సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పును బాగా ఆపుతుందని కనుగొన్నారు. చిక్కల్లా నీరు బొట్లు బొట్లుగానే రావడం. పొరను పలుచన చేస్తే చిరిగిపోయేది. అదే కాలంలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో శామ్యూల్ యూస్టర్ మరో దారిలో ఆలోచిస్తున్నాడు. ఉప్పునీరు గాలిని తాకేచోట అణువుల మందంలో ఉప్పులేని నీటి పొర ఒకటి ఉంటుందని ఉష్ణగతిశాస్త్రం చెబుతుంది. దాన్ని మీగడలా తీసుకోగలమా అన్నది ఆయన ప్రశ్న. సౌరిరాజన్, సిడ్నీ లోబ్ ఆ బృందంలో పనిచేశారు.

వాళ్ళు బజారులో దొరికే సెల్యులోజ్ ఎసిటేట్ వడపోత పొరను తెచ్చి, దాని రంధ్రాలు కుంచించుకుపోయేలా వేడినీటిలో ఉంచి పరీక్షించారు. ఒకసారి పనిచేసిన పొర మరోసారి పనిచేసేది కాదు. పరిశీలించగా తేలిందేమంటే, పొరకు రెండు ముఖాలున్నాయి. ఒక ముఖం ఉప్పునీటి వైపు ఉంటేనే ఫలితం, తిరగేస్తే ఏమీ లేదు. ఈ గమనికను పట్టుకుని తామే పొరను పోయడం మొదలుపెట్టారు. సెల్యులోజ్ ఎసిటేట్‌ను అసిటోనులో కరిగించి, అందులో కొంత నీరు, మెగ్నీషియం పర్‌క్లోరేట్ కలిపి, చలిలో గాజుపలక మీద పలుచగా పరిచి, మంచునీటిలో ముంచి, ఆ తరువాత సుమారు 80 డిగ్రీల వేడినీటిలో ఉంచేవారు. అలా తయారైన పొర కాచిన పాల మీది మీగడ కట్టు వంటిది. పైన మైక్రానులో ఐదోవంతు మందమున్న గట్టి పొర, దాని కింద దన్నుగా వంద మైక్రాన్ల స్పాంజివంటి భాగం. ఆపే పని పైపొరది, మోసే పని కిందిది. నీటి ధార రీడ్ పొరలకన్నా ఎన్నో రెట్లు పెరిగింది. రీడ్ పదార్థాన్ని కనుగొన్నాడు. దానికి కావలసిన ఆకారాన్ని వీళ్ళిద్దరూ కనుగొన్నారు. ఈ చరిత్రలో పెద్ద మలుపు ఆకారానిదే.

వాళ్ళు 1960లో దరఖాస్తు చేసిన పేటెంటు 1964 మే నెలలో మంజూరైంది. 1965లో, అంతకుముందు రైలు ట్యాంకర్లలో మంచినీరు తెచ్చుకున్న కోలింగా అనే కాలిఫోర్నియా పట్టణంలో ఆ పొరలతో రోజుకు సుమారు 5,000 గ్యాలన్ల నీటిని శుద్ధిచేసే కేంద్రం నడిచింది. అప్పటికి సౌరిరాజన్ అక్కడ లేరు. 1961లోనే ఒట్టావాలోని నేషనల్ రిసర్చ్ కౌన్సిల్‌కు వచ్చేశారు.

ఒట్టావా నది నీరు చాలా మెత్తనిది, లవణాలు తక్కువ. ఉప్పునీటి కష్టమే లేని ఊళ్ళో కూర్చుని ఆయన రెండు దశాబ్దాలకు పైగా ఒకే ప్రశ్నను తవ్వారు. పొర ఉప్పును ఎందుకు ఆపుతోంది? పొర ఉపరితలం నీటినే కోరి పట్టుకుంటుందనీ, అక్కడ చేరిన మంచినీటి పొర సూక్ష్మరంధ్రాల గుండా జారిపోతుందనీ ఆయన సిద్ధాంతం. రంధ్రం వ్యాసం ఆ నీటిపొర మందానికి రెండింతలు ఉంటే నీరు గరిష్ఠంగా వస్తుంది, ఉప్పు రాదు. యూస్టర్ ఆలోచనకు ఇది కొనసాగింపు. 1970లో ‘రివర్స్ ఆస్మోసిస్’ పేరుతో పెద్ద గ్రంథం, 1985లో తకేషి మత్సూరతో కలిసి మరో గ్రంథం ప్రచురించారు. 1965లో లాన్స్‌డేల్ బృందం దీనికి భిన్నమైన వాదం తెచ్చింది. పొరలో రంధ్రాలే లేవు, నీరు పొరలో కరిగి అణువణువుగా అవతలికి వ్యాపిస్తుంది అన్నది వారి మాట. లెక్కలకు అనుకూలం కావడంతో పాఠ్యపుస్తకాల్లో అదే స్థిరపడింది. ఒట్టావా వాదం క్రమంగా పక్కకు జరిగింది. 2023లో మెనాకెమ్ ఎలిమెలెక్ బృందం మాత్రం నీరు సూక్ష్మరంధ్రాల గుండా ప్రవహిస్తుందే తప్ప వ్యాపనం చెందడం లేదని ప్రకటించింది. అది సౌరిరాజన్ నమూనాకు ప్రతిరూపం కాదు, చర్చ ముగిసిందనీ కాదు. కానీ ఆయన వదలకుండా పట్టుకున్న రంధ్రం మళ్ళీ చర్చలోకి వచ్చింది.

కెనడాలో ఈ పొర ఎక్కువగా కష్టపడేది క్వెబెక్ అడవుల్లో. మేపుల్ చెట్టు రసంలో చక్కెర సుమారు 2 శాతం. ఒక లీటరు పాకానికి దాదాపు 40 లీటర్ల రసం మరిగించాలి. ఆ రసాన్ని ముందుగా పొరమీద నొక్కితే చాలా నీరు పొయ్యి ఎక్కకముందే పోతుంది, కట్టెలో నూనో ఆ మేరకు మిగులుతుంది. ఇంట్లో పొర దాటిన నీటిని తాగి మిగిలినది పారబోస్తాం. అక్కడ దాటలేక ఆగినదే సరుకు. సస్కాచువాన్‌లోని ఎల్లో క్విల్ ఫస్ట్ నేషన్ కథ వేరు. ఆ ఆదివాసీ సమాజం 1995 నుంచి తొమ్మిదేళ్ళు నీళ్ళు మరిగించుకునే తాగవలసి వచ్చింది. ఇనుము, అమ్మోనియం, ఆర్సెనిక్, సేంద్రియ పదార్థాలు నిండిన భూగర్భజలం అది. నేరుగా పంపితే పొరలు పూడిపోతాయి. శాస్త్రవేత్త హాన్స్ పీటర్సన్ ముందు సూక్ష్మజీవుల చేత ఆ మలినాలను తినిపించి, తరువాత పొర మీదికి పంపే పద్ధతిని రూపొందించాడు.

ఇంటి యంత్రంలో ఉన్నది సెల్యులోజ్ ఎసిటేట్ పొర కాదు. అమెరికాలో జాన్ కాడొట్ రూపొందించిన పాలీఎమైడ్ పొర 1980లలో దాని స్థానం తీసుకుంది. ఆకారపు సూత్రం మాత్రం పాతదే, పలుచని పైపొర, కింద దన్ను. కొత్త పొర తక్కువ ఒత్తిడికే ఎక్కువ నీరిస్తుంది కానీ క్లోరిన్ తగిలితే చెడిపోతుంది. అందుకే దానికి ముందు బొగ్గు ఫిల్టరు ఉంటుంది. దాన్ని మార్చడం మరిచిపోతే ఖరీదైన పొర పోతుంది. కెనడా నగరాల కుళాయిలో మూడు నాలుగు బార్ల ఒత్తిడి ఉంటుంది కనుక సింకు కింది యంత్రానికి మామూలుగా కరెంటు అక్కరలేదు. మేడమీది ట్యాంకు నుంచి వచ్చే నీటికి ఒక బారు కూడా ఉండదు. మన ఊళ్ళ యంత్రాల్లో పంపు మోత వినిపించేది అందుకే. చలికాలంలో కెనడా కుళాయి నీరు ఐదు డిగ్రీలకు దిగినప్పుడు పొర ఇచ్చే నీరు దాదాపు సగానికి తగ్గుతుంది. యంత్రం పాడైందని కంపెనీకి ఫోను చేసేవారు ముందు థర్మామీటరు చూడాలి.

ఇంతకీ ఆ యంత్రం ఎవరికి అవసరం? వైద్యంలో రోగనిర్ధారణ లేకుండా మందు రాయరు. నీటి విషయంలో ఆ నిర్ధారణ టి.డి.ఎస్. మీటరుకు అప్పగించారు. అది కరిగిన లవణాల మొత్తాన్ని విద్యుత్ వాహకతతో అంచనా వేస్తుంది, అంతే. కెనడాలో సీసానికి పరిమితి లీటరుకు 0.005 మిల్లీగ్రాములు. మీటరు చూపే అతిచిన్న అంకె 1, అంటే ఆ పరిమితికి రెండువందల రెట్లు. 2000 మే నెలలో ఒంటారియోలోని వాకర్టన్‌లో బావినీటిలో చేరిన ఇ. కోలై వల్ల ఏడుగురు మరణించారు, సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. ఆ నీటిలో మీటరు ముంచినా హెచ్చరిక కనిపించేది కాదు. పాత ఇళ్ళ సీసపు గొట్టాలు, పల్లెల్లో ఆర్సెనిక్ ఉన్న సొంత బావులు వంటి చోట్ల ఈ యంత్రానికి అర్థముంది, అదీ ప్రయోగశాల పరీక్ష తరువాత. డయాలిసిస్ గదిలో మాత్రం చర్చే లేదు. నాలుగు గంటల చికిత్సలో రోగి రక్తానికి ఆవలివైపు సుమారు 120 లీటర్ల నీరు ప్రవహిస్తుంది. 1970లలో పటికతో శుద్ధిచేసిన నీటిలో మిగిలిన అల్యూమినియం ఆ రోగుల మెదడును దెబ్బతీసింది. ఆ గుణపాఠం తరువాత డయాలిసిస్ కేంద్రాలకు ఆర్‌.ఓ. తప్పనిసరి అయింది.

తెలుగునాట నిర్ధారణ ఏనాడో జరిగింది. నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి 1937లోనే షార్ట్ బృందం భారతీయ వైద్యపత్రికలో రాసింది. కారణం బావినీటిలోని ఫ్లోరైడ్. 1970లలో నాగపూరులోని నీరీ సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టింది. వ్యాధి పేరుతో మోగిపోయిన జిల్లాకు దక్కిన గౌరవం అది. తరువాత ఊరూరా ఆర్‌.ఓ. ప్లాంట్లు, ఇరవై లీటర్ల క్యాన్లు వచ్చాయి. పొర ఫ్లోరైడును బాగానే ఆపుతుంది, నశింపజేయదు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీటిలో సగాన్ని మంచినీటిగా తీస్తే, మిగిలిన సగంలో దాదాపు 6 చేరుతుంది. అది ప్లాంటు వెనక కాలువలోకి, అక్కడి నుంచి నేలలోకి పోతుంది. మిషన్ భగీరథతో కృష్ణా నీరు కుళాయికి వచ్చిన ఊళ్ళలో కూడా క్యాను ఆగలేదు. కుళాయి నీరు రుచిగా లేదని జనం ఇంకా దాన్నే కొంటున్నారు.