బొగ్గుసీమలో కోరంటి

హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాసుపత్రిని పాతతరమువారు 'కోరంటి దవాఖానా' అని పిలుతురు. అంటురోగులను వేరుపరచి యుంచుటకై నిజాము ప్రభుత్వము 1915లో నెలకొల్పిన ఆసుపత్రి అది. క్వారంటైన్ అను సీమమాట మన జనుల నోట నలిగి కోరంటి యైనది. ఆ మాటలో చికిత్స కంటె ఎడబాటే యెక్కువగా వినబడునని మాకు తోచును. నూరేండ్లు గడచిన పిమ్మట, 2020లో, అదే మాట మరల ఇంటింటికి వచ్చినది. గోదావరి యొడ్డున బొగ్గుబావుల నడుమ వెలసిన రామగుండము, గోదావరిఖని పట్టణములలో దానిని రోగి యే కంట చూచెను, వైద్యుడే కంట చూచెను అనునది నేటి ప్రసంగ విషయము.

అందుకు ముందు బొగ్గుసీమ స్వభావము కొంత తెలియవలెను. సింగరేణిలో త్రవ్వకము 1889లో ఇల్లెందునొద్ద మొదలైనది; గోదావరిఖని గనులు 1960 ప్రాంతములలో వెలసినవి. ఇచ్చట బొగ్గుగనిని 'బాయి' అందురు. బాయిలో దిగు ప్రతివానిని పనిలో చేర్చుకొనుటకు ముందును, తరువాత నియమితకాలములందును వైద్యుడు పరీక్షింపవలెనని గనుల చట్టము. కావున కంపెనీ వైద్యుడు మందిచ్చువాడు మాత్రమే కాడు, కాగితము వ్రాయువాడు కూడ. ఆ కాగితముపై 'ఫిట్' అని యున్నచో మస్టరు, జీతము. 'అన్‌ఫిట్' అని యున్నచో కొలువు పోవును. ఒక్కొక్కప్పుడు ఆ కొలువు కొడుకునకు దక్కును. వైద్యుని ముందు నిలుచున్న కార్మికుడు తన రోగమును మాత్రమే గాక తన ఇంటి భవిష్యత్తును కూడ ఆయన చేతిలో చూచుచుండును. ముక్కులోనికి పుల్లను పోనిచ్చి చేయు పరీక్షకు ఎవడైన జంకినచో, అది వట్టి అజ్ఞానమని కొట్టివేయుట న్యాయము కాదు.

2020 మార్చి 14న ఢిల్లీనుండి సంపర్క్ క్రాంతి రైలులో వచ్చిన కొందరు విదేశీయులు రామగుండము స్టేషనులో దిగి కరీంనగరము వెళ్ళిరి. కొన్ని దినములలోనే వారిలో వ్యాధి బయటపడెను. కరీంనగరమున వీధులు మూసి, ఇల్లిల్లు తిరిగి జ్వరము విచారించిరి. మార్చి 25న దేశమంతట లాక్‌డౌను వచ్చెను. కాని రామగుండమున 2600 మెగావాట్ల విద్యుత్కేంద్రమున్నది. బొగ్గు లేనిదే దీపము లేదు. ఓపెన్‌కాస్టు గనులు నడచుచునే యుండెను. ఏప్రిలులో భూగర్భగనులకు లే-ఆఫ్ ప్రకటించిరి. లే-ఆఫ్ అనగా చట్టప్రకారము సగము వేతనము. గని నడచినచోట భయము, ఆగినచోట సగము జీతము. తరువాత గనులు తెరచినప్పుడు ఆరడుగుల దూరము పాటింపుడనిరి. ల్యాంపురూము ముందు గుమిగూడి, ఉక్కలో చెమటకు తడిసిన గుడ్డను మూతికి కట్టుకొని, ఒకే గాలిమార్గమున పనిచేయువారికి ఆ నియమము నేలపైనున్నవారు వ్రాసినట్లుండుట సహజము.

వైద్యులబాధ వేరు. రోగులపై అధికారమును ప్రభుత్వమునకిచ్చిన అంటురోగముల చట్టము 1897లో, బొంబాయి ప్లేగునాడు పుట్టినది. వైద్యునిపై చేయి చేసుకొన్నవానికి శిక్ష యను మాట అందులో చేరుటకు 123 ఏండ్లు పట్టెను. 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సు వచ్చెను. అయినను జూన్‌లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ఒక జూనియరు వైద్యునిపై రోగి బంధువులు దాడి చేయగా, వైద్యులు విధులు మాని రోడ్డుపై కూర్చుండిరి. వారడిగినది రక్షణ మాత్రమే కాదు. రోగులనందరిని ఒక్కచోటికి తరలింపక, చికిత్సను ఇతర ఆసుపత్రులకును పంచుడని కూడ కోరిరి. గోదావరిఖనినుండి ఆ ఆసుపత్రి 200 కిలోమీటర్లకు పైబడిన దూరము. అంత దూరము ఊపిరాడని మనిషిని మోసుకొనిపోయిన కుటుంబమును అడిగియున్నచో, వారును అదే కోరియుందురు. వార్డు వాకిట కలియబడిన ఉభయుల కోరికయు ఒక్కటే. ఆ సంగతి ఆనాడు గుర్తించినవారు తక్కువ.

2021 మే నెలలో, రెండవ విజృంభణమున, మార్గము కొంత మారెను. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు ఇంటింటికి పోయి జ్వరపీడితులను విచారించి, ఫలితమునకై వేచియుండకయే మందుల సంచి చేతికిచ్చిరి. మా దృష్టిలో ఆ రెండేండ్లలో జరిగిన పనులన్నిటిలో మేలైనదిదే. వచ్చినది పోలీసు కాదు, వీధి యెరిగిన స్త్రీ. ఆమె తీసికొనిపోవుటకు గాక ఇచ్చిపోవుటకు వచ్చెను. ఆమెకు నికరమైన జీతము లేదు, పనిని బట్టి పారితోషికమే. ఇంటికి మరలినప్పుడు ఆమె తన పిల్లలను తాకవచ్చునా లేదా యన్నది ఏ ఉత్తరువులోను లేదు.

ఇంకొక భేదము కూడ చెప్పవలెను. పర్మనెంటు కార్మికునకు, అతని కుటుంబమునకు కంపెనీ ఆసుపత్రి హక్కు. అదే ధూళిలో పనిచేయు కాంట్రాక్టు కార్మికునకు అంతటి హక్కు లేకుండెను. వ్యాధికి ఆ భేదము తెలియదు గాని, వైద్యమునకు తెలిసినది.

2022 నవంబరు 15న రామగుండమున ప్రభుత్వ వైద్యకళాశాలలో తరగతులు ప్రారంభమైనవి. అందుకు సింగరేణి సంస్థ నిధులిచ్చెను. కార్మికుల పిల్లలకు అందు కొన్ని సీట్లు ప్రత్యేకించిరి.