రాకాసి గుళ్ల బరువెంత?

బౌద్ధ గ్రంథాలు లెక్కపెట్టిన 16 మహాజనపదాల్లో గోదావరి ఒడ్డున ఉన్నది అస్మక. దాని రాజధాని పోదన మన నిజామాబాద్ జిల్లా బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. 1937లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టి శక్కర్‌నగర్ కట్టేనాటికే ఆ ఊరి పేరుకు రెండువేల ఏళ్లు దాటాయి. అయితే తెలంగాణలో పెద్దరికం రాజులతోనే పుట్టలేదు. అంతకుముందే ఉందనడానికి సాక్ష్యం ఆనాటి రాతి సమాధులే.

పల్లెల్లో వీటిని రాకాసి గుళ్లంటారు. రాతి పలకలు గూడులా నిలబెట్టి, పైన బండ కప్పి, చుట్టూ గుండ్లు పేర్చేవారు. లోపల నలుపు ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, పూసలు దొరుకుతాయి. కొన్నింట్లో కుండలే ఉంటాయి.

కొరియాలోనూ ఇలాంటి బండ సమాధులున్నాయి. 2000లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ తర్వాత వచ్చిన సిల్లా రాజ్యంలో సమాధి కొండంత దిబ్బ అయింది. గ్యోంగ్జు నగరంలో 1973లో తవ్విన ఒక్క దిబ్బలోనే బంగారు కిరీటంతో కలిపి 11,500 పైచిలుకు వస్తువులు బయటపడ్డాయి. దగ్గర్లోనే ఆడ, మగ చెరోవైపు ఉన్న జంట దిబ్బలో బంగారు కిరీటం ఆడమనిషి వైపు దొరికింది! పుట్టుకను బట్టి అంతస్తు తేల్చే ఆ రాజ్యంలో ఎవరి ఇల్లు ఎంత ఉండాలో, ఎవరు ఏ బట్ట కట్టాలో కూడా శాసనమే చెప్పేది. రాజు చనిపోతే ఐదుగురు మగవాళ్లను, ఐదుగురు ఆడవాళ్లను తోడు పాతిపెట్టే ఆచారాన్ని 502లో గాని నిషేధించలేదు.

మన దక్కనులోనూ అలాంటిదే జరిగిందని అనుకున్నవాడు మెడోస్ టేలర్. సురపురంలో పనిచేసిన ఈ ఇంగ్లిషు అధికారి అక్కడి సమాధుల్లో తల వేరైన అస్థిపంజరాలు చూసి నరబలులని తలచాడు. నాకు అంత నమ్మకం లేదు. శవాన్ని ముందు బయట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి పూడ్చే అలవాటు అప్పట్లో ఉండేది. అలా పూడ్చినా తల వేరుగానే దొరుకుతుంది.

మన దగ్గర హోదాను చూడాల్సింది ఎముకల్లో కాదు, బండలో. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో పురావస్తు శాఖ తవ్విన సమాధి మూతబండ 40 టన్నులు దాటింది. తీయడానికి క్రేన్ కావలసివచ్చింది. క్రేన్ లేని కాలంలో దాన్ని గుట్టనుంచి విడగొట్టాలి, ఈడ్చుకురావాలి, పైకెక్కించాలి, అన్నాళ్లూ ఆ పనివాళ్లందరికీ తిండి పెట్టాలి. ఎవరి గాదెలోనో మిగులు గింజ ఉంటేనే, ఎవరి మాటకో ఊళ్లకు ఊళ్లు కదిలితేనే అది సాగే పని. అదే కాలపు సమాధుల్లో మోస్తరు గుండ్లు నాలుగు పేర్చి, పలుచని పలకతో మూసినవీ ఉన్నాయి. ఇంటివాళ్లు, చుట్టాలు కలిస్తే వాటి పని అయిపోతుంది.