వాద్యానికి ఆత్మను నిలిపేవాడు

వయొలిను కడుపులో, పై పలకకూ వెనుక పలకకూ నడుమ, చిటికెన వేలికన్న సన్నని కొయ్యకడ్డీ ఒకటి నిలబడి వుంటుంది. దానికి బంక లేదు, మేకు లేదు. తంతుల ఒత్తిడే దానిని నిలిపి వుంచుతుంది. తంతులను మోసే గుర్రం మీది కంపనాన్ని వెనుక పలకకు అందించేది అదే. ఇంగ్లీషువారు దీనిని సౌండ్‌పోస్టు అన్నారు, అంటే నాదస్తంభం. ఫ్రెంచివారు 'ఆమ్' అన్నారు. ఆ మాటకు ఆత్మ అని అర్థం. ఫ్రెంచి నేటికీ వినవచ్చే పుదుచ్చేరి పట్టణం నుంచి వాద్యాల మరమ్మతు చరిత్రను పరికించేవారికి ఈ పేరే తగిన నాంది.

పుదుచ్చేరితో తెలుగు సాహిత్యానికి గల సంబంధం పాతది. డూప్లే వద్ద దుబాసీగా వున్న ఆనందరంగ పిళ్ళె (1709-1761) పేరిట కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అనే లక్షణగ్రంథం రచించాడు. ఆ విధంగా కృతిపతి పేరూ నిలిచింది, కవి పేరూ నిలిచింది. అయితే సభలలో మోగిన వాద్యాలకు తంతులు బిగించి, పగుళ్ళు మాన్పినవానికి కృతి అంకితమిచ్చే ఆచారం మనకు లేదు. అతని విద్య చేతిలోనే వుండి, చేతితోనే పోయింది.

వయొలిను దక్షిణాది సంగీతంలో ప్రవేశించిన కథ ప్రసిద్ధమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) మద్రాసులో మణలి మొదలియారుల ఆశ్రయంలో ఒక ఐరోపా విద్వాంసుని వద్ద ఈ వాద్యం అభ్యసించాడు. తరువాత ఎట్టయాపురం ఆస్థాన విద్వాంసుడయ్యాడు. సుబ్బరామ దీక్షితులు తెలుగులో రచించగా 1904లో ప్రకటితమైన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఈ వంశ చరిత్రను మనకు అందించింది. తంజావూరు సోదరులలో ఒకడైన వడివేలుకు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు వయొలినును బహూకరించాడు.

ఈ కథలో చెప్పకుండా మిగిలిన భాగమొకటి వున్నది. ఐరోపావాని వయొలినులో ప్రతి తంతీ ముందుదానికి పంచమం. మనవారు దానిని మంద్ర షడ్జ పంచమాలకూ మధ్య షడ్జ పంచమాలకూ కూర్చారు. వాదకుడు నేల మీద కూర్చుండి, వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి, గమకం కోసం వ్రేలిని తంతిపై జార్చసాగాడు. అప్పుడు బిగువు మారింది. బిగువు మారితే తంతి లావు మారాలి. గుర్రం ఎత్తు, దాని వంపు, లోపలి ఆత్మ నిలిచే చోటు సరిచూసుకోవాలి. ఆత్మను గుర్రం కాలికి వెంట్రుకవాసి ఇవతలకు జరిపినా నాదం మారుతుంది. పరదేశపు వాద్యాన్ని మన శ్రుతిలో మాట్లాడించింది వాదకుడొక్కడే కాడు, మరమ్మతుదారు కూడా. ఒక విధంగా అతడు చేసినది అనువాదం.

ఇది మనకు క్రొత్త విద్యా కాదు. విజయనగర కాలంలో 1550లో 'స్వరమేళకళానిధి' రచించిన రామామాత్యుడు వీణ మీద మెట్లను ఏ స్థానాలలో నిలపాలో శాస్త్రీకరించాడు. తంజావూరును ఏలిన రఘునాథ నాయకుని పేరుతో ఇరవైనాలుగు మెట్ల వీణ ప్రసిద్ధి కెక్కింది. నేటికీ వీణ మెట్లను మైనంలో నిలుపుతారు. మైనం జారితే తిరిగి చెవిపెట్టి సరిచేస్తారు. బుస్సీ సేన 1757 జనవరి 24న ముట్టడించిన బొబ్బిలి, పనసకొయ్య వీణలకు పుట్టిల్లు. ఆ పరిసరాల గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు ఒకే మొద్దు నుంచి ఏకాండి వీణను తొలుస్తాయి. విజయనగరం సంగీత కళాశాలలో వయొలిను ఆచార్యుడైన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) కీర్తిలో ఇటువంటి అజ్ఞాత హస్తాలకు భాగం లేకపోలేదు.

సముద్రపు గాలిలో కొయ్య తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. అందుకే వయొలిను పలకలను అతికేది తోలు నుంచి కాచిన బంకతోనే. అది కొయ్యకన్న బలహీనంగా వుండాలి. ఒత్తిడి మితిమీరితే అతుకు విడిపోతుంది, కొయ్య చీలదు. విడిన అతుకును మరల కూర్చవచ్చు. అతిగట్టి రసాయనపు బంక పూసిన అనుభవం లేని చేయి, వాద్యానికి మేలు చేశాననుకుంటూ తరువాతి మరమ్మతుదారు మార్గాన్ని మూసివేస్తుంది.

ఈ విద్యకు వాద్యాలు వున్నంతకాలం పని వుంటుంది. దాని మాటలకు మాత్రం అటువంటి భరోసా లేదు. పనివాని నోట పలికే పదాలు నిఘంటువుకు ఎక్కకముందే మాసిపోతే, మన భాష ఆ మేరకు బీదదవుతుంది. ఆత్మ అనే పేరు ఫ్రెంచివారు పెట్టగలిగారు. కర్మాగారం గడప దాటి లోపల కూర్చుని వినగల తెలుగు రచయితకు, అంతకు తీసిపోని మాటలు మన పనివారి నోటనే దొరుకుతాయి.