చప్పిడి పత్యం

కూర్చోరా అబ్బీ, ఆ ఫోను పక్కన పెట్టు. మా చినమావయ్య సంగతి చెబుతాను.

ఆయనకి ఉన్నట్టుండి హుషారు పట్టుకునేది. రాత్రిళ్లు నిద్రుండదు, నోటికి మూత ఉండదు. ఓసారి పండక్కి చీర తెమ్మంటే, అరువు మీద ఓ బేలు దింపించి వీధంతా పంచేశాడు! పుచ్చుకున్నవాళ్లెవరూ పిచ్చి అనలేదు సుమా. తరవాత నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు మాత్రం, "చినవాల్తేరు పంపించండి" అని ఊరంతా సలహాలే. విశాఖలో పిచ్చాసుపత్రి అక్కడే కదా, ఆ పేట పేరే తిట్టు మాకు.

అంచేత ముందు భూతవైద్యుడి దగ్గరికే. రెండు రూపాయలకి హోటల్లో కడుపునిండా భోజనం పెట్టే రోజుల్లో తాయెత్తుకి పాతిక, పైన ఓ నల్లకోడి. ఆ కోడి ఎవరి పొయ్యి మీద ఉడికిందో... సర్లే, అసలు కథలోకి రా.

ఆఖరికి పట్నంలో ఓ డాక్టరు, నిద్ర సంగతీ, ఖర్చుల సంగతీ, వంశంలో ఇంకెవరికైనా ఉందా అనీ తీరిగ్గా అడిగి, ఇప్పుడు మీరు బైపోలార్ అంటున్నారే, ఆ జబ్బేనని తేల్చాడు. లిథియం రాశాడు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే ఆయన ఈ జబ్బుకి వాడి చూపించిన మందు.

అత్తయ్యకి మందంటే పత్యమే. చప్పిడి చారు, చప్పిడి కూర. కొన్నాళ్లకి మావయ్యకి వాంతులు, నడక తూలుడు, చేతిలో గ్లాసు నిలవదు. నెత్తురు పరీక్ష చేస్తే ఒంట్లో మందు మోతాదు మించిపోయింది! "ఉప్పు తగ్గిస్తే లిథియం ఒంట్లోనే నిలిచిపోతుందమ్మా. రోజూ తినేంత తిననీ, నీళ్లు బాగా తాగనీ" అని డాక్టరు చీవాట్లు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే అదే.

నెమ్మదించాక మావయ్య ఊరుకున్నాడా? ఏరు దాటి తెప్ప తగలేసినట్టు మాత్రలు మానేశాడు. మళ్లీ బేళ్లు దిగాయి. ఆ తరవాత బుద్ధిగా మింగాడు. ఇక బుద్ధి రావలసింది మాకే. ఆయన కాస్త గట్టిగా నవ్వితే చాలు, ఇంటిల్లిపాదీ మొహమొహాలు చూసుకునేవాళ్లం. "నవ్వడానికీ డాక్టరు చీటీ తేవాలేమిటే?" అనేవాడు అత్తయ్యతో.

ఇప్పుడు మీకేం, మనసు బాగోలేదని 14416కి ఫోను కొడితే రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు, పైసా అడగరు. అయినా మీవాడు నిద్రపోవట్లేదని చెప్పడానికి ఇన్నాళ్లు నసిగావు. సంబంధాలు రావనేగా? మావయ్య ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు చేశాడ్రా. కట్నాల దగ్గర తగువులొచ్చాయి గానీ, మాత్రల దగ్గర ఒక్కటీ రాలేదు.